కర్చీఫుకు నాలుగో అర్థం

ఎండ నందిరాయి మీద

ఎండ గది చూసుకునే మనిషి రోజూ ఏం జరిగిందో రాయాలని ఊరి పెద్దలు పెట్టిన రూలు. ఇది ఎవరూ చదవరని నాకు తెలుసు. చదివేవాళ్ళే ఉంటే ఎర్రమ్మ వంట గురించి నేను రాసిన దానికి ఈపాటికి లిఫ్టు దగ్గర జుట్లు పట్టుకునేవాళ్ళం. అందుకని ఇష్టమొచ్చినట్టు రాసుకుంటున్నాను.

పొద్దున్నే చక్రం తిప్పి గదిని ఎండకు ఎదురుగా పెట్టాను. చందమామ కొసన ఉన్న ఊరు కదా మాది, సూర్యుడు నడినెత్తికి ఎక్కే ప్రశ్నే లేదు. గట్ల మీదుగా పాకుతూ మా చుట్టూ తిరుగుతాడు. ఇవాళ నందిరాయి మీద ఉన్నాడు. ఊరేమో గట్టు కింద చీకట్లో ఉంటుంది. ఒంటికి కాస్త ఎండ తగలాలంటే ఎంతటివాళ్ళయినా లిఫ్టెక్కి నా గదికి రావాల్సిందే. సీట్లు తక్కువ, జనం ఎక్కువ. అందుకే మాకు కర్చీఫులు.

ఇవాళ్టి తగవు కూడా దాని గురించే. అవతలి గట్టు వాళ్ళ గాలి మిషను పాడైపోయిందని, బాగయ్యేదాకా వాళ్ళందరినీ మా ఊళ్ళోనే పెట్టుకున్నాం. పాపం మంచివాళ్ళు. నూరు దేశాల సంతానం, ఇంగ్లీషే వాళ్ళ ఊరి భాష. అందులో ఒకాయన తిన్నగా నడిచి వచ్చి, ఎర్రమ్మ కర్చీఫును చేత్తో పక్కకి జరిపి, ఆ సీట్లో చతికిలబడ్డాడు. చేత్తో జరిపాడు! గదిలో అందరికీ నోట మాట రాలేదు.

ఎర్రమ్మకి వచ్చింది. "ఓలమ్మో, ఓలమ్మో! నాను నీల్లు తాగొచ్చే లోపల నా కర్చీఫు జరిపీసినాడే! నూకాలప్పా, నువ్వు సూస్తూ కూకున్నావేటి?" అని నా మీద పడింది.

ఆయనకి తెలుగు రాదు. ఈమెకి ఇంగ్లీషు రాదు. అప్పుడు వెనక నుంచి ఒక పొడుగాటి మనిషి ముందుకొచ్చాడు. వాళ్ళ పిల్లలకి బడి చెప్పే మేస్టారు, పేరు ఒకెల్లో. గడ్డం సగం తెల్లబడింది, నడుం మాత్రం నిటారుగా ఉంది. ఏదో మిషను దగ్గర తెలుగు నేర్చుకున్నాడట, అంతా పుస్తకాల భాష.

"అమ్మా, క్షమించవలసినదిగా ప్రార్థన. ఆ వస్త్రము అచ్చట ఎందుకున్నదో మా వారు ఎరుగరు" అన్నాడు.

ఎర్రమ్మ కోపం సగం అక్కడే దిగిపోయింది. "ఏటన్నాడే ఈ బావు?" అని నన్ను అడిగింది.

"తప్పయిపోనాది అంటన్నాడు, ఒగ్గీ" అన్నాను.

తర్వాత ఆయనకి విషయం చెప్పాను. కర్చీఫు వేసిన సీటు వేసినవాళ్ళది. మనిషి నీళ్ళకెళ్ళినా, పనికెళ్ళినా, గుడ్డ అక్కడుంటే మనిషి ఉన్నట్టే. దాన్ని ఇంకొకరు ముట్టుకోరు. మా తాతల తాతల నుంచీ ఇంతే.

"అంటే ఆ ఆసనములో కూర్చున్నది ఎర్రమ్మ గారే. నేను ఆమెను చూడలేకపోయితిని" అని నవ్వాడు.

నవ్వితే బాగుంటాడు. గది లెక్కలతో దీనికి సంబంధం లేదు, అయినా రాశాను.

ఎండ రోకలిగుట్ట పక్కన

ఎండ లోపలికి వచ్చే పెద్ద అద్దం మీద బూడిదలాంటి దుమ్ము తుడిచాను. చక్రానికి నూనె వేశాను. ఒక పిల్ల రెండో వరసలో నిద్రపోయి, వాళ్ళమ్మ లేపినా లేవలేదు.

ఒకెల్లో మేస్టారి సంగతి. బడి వదిలి పైకి వచ్చేసరికి సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. రోజూ వెనక స్తంభం దగ్గర నిలబడతాడు. అక్కడ ఎండ ఆయన ఎడమ చెవికి తప్ప ఇంక దేనికీ తగలదు. ఒక్క చెవి కోసం మనిషి లిఫ్టెక్కి రావడమేమిటి? గది బాధ్యత నాదా కాదా? అందుకని ఇవాళ ముందు వరసలో, నేను కూర్చునే స్టూలు పక్క సీటు మీద, నా కర్చీఫు వేశాను.

ఎర్రమ్మ చూడనే చూసింది. టమాటా మడులు చూసుకోవాల్సిన మనిషి, చూపంతా నా మీదే.

"ఎవులికే అది?"

"గదికి."

"గదికి కర్చీఫేటే? గది వచ్చి కూకుంటాదా?"

"నీ మడులు ఎండిపోతన్నాయేమో, ఎల్లి సూసుకో" అన్నాను.

వెళ్ళలేదు. పక్కవాళ్ళ చెవులు కొరకడం మొదలుపెట్టింది.

వాళ్ళనీ అనడానికి లేదు. మా ఊళ్ళో మనిషికి ఒకటే కర్చీఫు. పేరు పెట్టిన రోజున నేత గదిలో కొత్త బట్ట కోసి, అమ్మ అంచు కుట్టి ఇస్తుంది. పత్తి అంత తేలిగ్గా పండదు కదా ఇక్కడ. నాది ఎర్రంచుది. ఆ గుడ్డను చెల్లెలికో, మేనకోడలికో సీటు పట్టడానికి వేస్తే ఎవరూ పట్టించుకోరు. పెళ్ళికాని వాళ్ళో, నాలాగా తోడు పోయిన వాళ్ళో ఇంకొకరి కోసం వేస్తే మాత్రం ఊరంతా పట్టించుకుంటుంది. అవతలివాళ్ళు దాన్ని ఉంచుకుంటే సరే అన్నట్టు. ఉతికి మడతపెట్టి తిరిగి ఇస్తే వద్దన్నట్టు. అంతే, ఇక మాటలుండవు, అడగడాలుండవు. వద్దన్న గుడ్డను మళ్ళీ ఆ మనిషికి వెయ్యకూడదు.

ఇదంతా నాకు తెలియదా? తెలుసు. యాభై దాటిన మనిషిని. అయినా వేశాను. ఎందుకు వేశావే అని నన్ను నేనే అడిగితే, ఆయన ఆ స్తంభానికి ఆనుకుని ఒంటరిగా నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు. ఆయనకీ భార్య పోయి చాలా ఏళ్ళయిందట, పిల్లలు లేరట. ఇవన్నీ నేను అడగలేదు. లిఫ్టులో వాళ్ళవాళ్ళు చెప్పుకుంటుంటే చెవిన పడ్డాయి. ఆ లిఫ్టులో నేను రెండుసార్లు కిందకీ పైకీ తిరిగిన మాట నిజమే.

మేస్టారు వచ్చాడు. "ఆ సీట్లో కూర్చోండి" అన్నాను. "ఎర్రంచు గల మనిషి ఎవరో కూర్చుని ఉన్నారు కదా" అన్నాడు. "ఆ మనిషి లేస్తాది లెండి" అన్నాను. గుడ్డ తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. మొహం మీద ఎండ పడగానే కళ్ళు మూసుకున్నాడు.

జేబులో పెట్టుకున్నాడు! ఎర్రమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. నాకు నవ్వు ఆగడం లేదు, ఏం చెయ్యను!

ఎండ రెండు పళ్ళ గుట్టల మధ్య

రాయాలని లేదు.

మేస్టారు వచ్చాడు. గది నిండా జనం. నా కర్చీఫు ఉతికి, ఆరబెట్టి, గీతలు పడేలా మడతపెట్టి, రెండు చేతులతో నాకు అందించాడు. "నూకాలమ్మ గారూ, నిన్న మీది నా జేబులో మిగిలిపోయినది. శుభ్రపరచి తెచ్చితిని" అన్నాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ నవ్వొకటి.

ఎర్రమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సన్యాసయ్య తాత, ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, గోడవైపు తిరిగి గోడనే చూస్తూ ఉండిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గుడ్డ తీసుకున్నాను. అద్దం పాడైందని అబద్ధం చెప్పి అందర్నీ కిందకి పంపించేసి గది మూసేశాను.

అద్దానికి ఏమీ కాలేదు.

ఎండ గూనిగట్టు ఎక్కుతూ

చూడండి, నాకేం బాధ లేదు. అడిగాను, వద్దన్నాడు, అయిపోయింది. ఊళ్ళో ఎంతమందికి జరగలేదు?

కాకపోతే ఇవాళ ఆయన కూర్చోవడానికి వస్తే గాలి గొట్టం పక్క సీటు చూపించాను. అక్కడ చల్లగాలి మెడ మీద కొడుతూ ఉంటుంది. పాపం కిక్కురుమనకుండా కూర్చున్నాడు. "నా వలన పొరపాటు ఏమైనా జరిగినదా?" అని అడిగాడు. "మీవల్ల పొరపాటేమిటండీ, మీరు మేస్టారు!" అన్నాను. నా గొంతు నాకే చిరాగ్గా వినిపించింది.

ఎర్రమ్మ నా పక్కన చేరింది. "అప్పా, ఆలకి మన పద్దతులు తెల్దే. ఆల ఊర్లో కర్చీఫులే నేవట. సేతులు గాలితో ఆరబెట్టుకుంటారట. నాను సెప్పీనా ఆ బావుతోటి?"

"సెప్పినావంటే నీ టమాటాల మీద ఒట్టు, నీతో మాటాడను."

"ఏటే నీ పంతం!"

పంతమే. నేను వేసిన గుడ్డకి అర్థం ఇదీ అని ఇంకొకరి చేత చెప్పించుకుని, జాలిపడి ఆయన సరే అంటే, ఆ సరే నాకెందుకు?

ఇంకో కబురు కూడా ఇక్కడే రాయాలి. అవతలి గట్టు మీద గాలి మిషను బాగైందట. సూర్యుడు చీలికగుట్ట దాటే రోజున పెద్ద బండి బయల్దేరుతుంది. వాళ్ళందరూ వెళ్ళిపోతారు. మళ్ళీ బండి ఎప్పుడు తిరుగుతుందో ఎవరికీ తెలీదు, దారిలో పగుళ్ళు పెరుగుతున్నాయట. మేస్టారు వెళ్ళిపోతాడు. ఆయన లేకపోతే ఈ గదిలో ఎండ ఉంటుంది, జనం ఉంటారు, నాకు మాత్రం ఏమీ ఉండదు. ఇక్కడైనా నిజం రాయాలి కదా.

ఎండ పాత గని గోతి మీద

ఇవాళ వారం మాట. వారానికోసారి వాళ్ళ బడి పిల్లల్నీ మా ఊరి పిల్లల్నీ మేస్టారు పైకి తీసుకొచ్చి, ఒక మాట తీసుకుని, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరెవరు ఎలా వాడుతున్నారో ఊరందరినీ అడుగుతాడు. పోయిన వారం "బస్సు" అయింది. మా వాళ్ళకి ఇది మా చెడ్డ ఇష్టమైపోయింది. వంటవాళ్ళు కూడా పొయ్యి ఆపేసి వస్తున్నారు.

పలక మీద ఈసారి రాసిన మాట చూసి మొహం తిప్పుకున్నాను. కర్చీఫు.

"ఇది ఇంగ్లీషు మాట" అని మొదలుపెట్టాడు మేస్టారు.

సన్యాసయ్య తాత ఒప్పుకోలేదు. "ఇంగ్లీసేటి బావూ! కర్చీఫు మనదే. పుట్టింకాడ్నుంచి అంటన్నాం."

"తాతగారూ, ఇంగ్లీషులోనికి కూడా ఇది పొరుగింటి నుంచి వచ్చినదే. ఫ్రాన్సు దేశము నుండి. ఒక ముక్కకు కప్పడము అని అర్థము. రెండవ ముక్కకు తల. తల కప్పుకొను గుడ్డ. అది ఇంగ్లీషు వారి నోట నలిగి నలిగి కర్చీఫు అయినది."

"మరి మనం సేత్తో పట్టుకుంటాం కదేటి?" అంది ఒక పిల్ల.

"వారు కూడా కొంతకాలానికి తల మీద నుంచి చేతిలోనికి తెచ్చుకున్నారు. అప్పుడు పేరు మార్చవలెను కదా? మార్చలేదు. ముందర చెయ్యి అన్న ముక్క అతికించినారు. చెయ్యి, కప్పు, తల!"

గది గొల్లుమంది. పిల్లలు చెయ్యి, కప్పు, తల అని పాటలాగా అందుకున్నారు. ఎర్రమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "ఎంత బద్దకమే ఆలకి, కొత్త పేరెట్టడానికి!" అంది.

"మనకు మాత్రం బద్ధకము లేదా?" అన్నాడు మేస్టారు. "మీ పాత తెలుగు మాట చేతిరుమాలు. అందులో రుమాలు పారశీకుల మాట. ముఖము తుడుచునది అని అర్థము. దానికి ముందర చెయ్యి అతికించినారు. చెయ్యి, ముఖము, తుడుచునది!"

మళ్ళీ నవ్వులు. ఇంత కోపంలోనూ నేనూ నవ్వాను. ఆయన ఒక మాటని విప్పి చూపిస్తుంటే, ఎవరో పెట్టె తీసి లోపలి నగలు చూపిస్తున్నట్టే ఉంటుంది నాకు.

తర్వాత మా అర్థాలు అడిగాడు. మొదటిది, చెమట తుడుచుకునేది. రెండోది, సీటు పట్టేది. అదెలా వచ్చిందో తాత చెప్పాడు. భూమ్మీద బస్సు ఇంకా ఆగకముందే జనం దాని వెంట పరిగెత్తి, కిటికీలోంచి కర్చీఫు లోపలికి విసిరేవాళ్ళట. ఏ సీటు మీద పడితే ఆ సీటు వాళ్ళది. ఎక్కిన తర్వాత ఎంత లావుపాటి మనిషైనా ఆ గుడ్డ జోలికి వచ్చేవాడు కాదట.

"తాతా, బస్సు కిటికీ తీసే ఉండేదా?" అని ఒక పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "గాలంతా పోయి అందరూ సచ్చిపోరా?"

"అక్కడ బయట కూడా గాలుంటాదే!" అన్నాడు తాత. పిల్లలెవరూ నమ్మలేదు. తాత ఇలాంటివి కల్పిస్తాడని వాళ్ళకి ముందే అనుమానం.

మూడోది ఎర్రమ్మ చెప్పింది. నీళ్ళ వంతు దగ్గరా, టమాటా మడి దగ్గరా గుడ్డ పెడితే ఈ వంతు నాది అని. మేస్టారు అన్నీ పలక మీద రాశాడు. "ఇంకా ఏమైనా ఉన్నదా?" అని అడిగాడు.

ఒక్కొక్కరే తలలు తిప్పి నా వైపు చూశారు. పిల్లలతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ జాలి ఒకటి నా ప్రాణానికి!

లేచి నిలబడ్డాను. "ఉంది, నాలుగోది. రాసుకోండి మేస్టారూ" అన్నాను. "ఒంటరిగా ఉన్న ఆడమనిషి గానీ మగమనిషి గానీ, ఇంకొకరి కోసం సీటు మీద కర్చీఫు వేస్తే, నా పక్కన కూర్చో అని అర్థం. ఆ ఒక్కరోజుకి కాదు. ఎప్పటికీ."

ఆయన రాస్తున్నాడు. రాస్తూనే, మేస్టారు బుద్ధి కదా, "మరి ఆ గుడ్డ తిరిగి ఇచ్చినచో?" అని అడిగాడు.

"ఉతికి మడతపెట్టి ఇస్తే వద్దన్నట్టు."

సుద్దముక్క ఆగిపోయింది. ఆయన పలక వైపే తిరిగి ఉన్నాడు, వీపు మాత్రమే కనిపిస్తోంది. "వద్దు అనుకొననివారు ఏమి చేయుదురు?" అన్నాడు.

"ఉంచుకుంటారు" అన్నాను.

ఆయన సుద్ద కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. పాఠం మధ్యలో ఆపేసి వెళ్ళడం ఎప్పుడూ లేదట, పిల్లలే అన్నారు.

చెప్పేశాను. ఇప్పుడైనా తెలిసింది ఆయనకి. తెలిసి వెళ్ళిపోయాడు.

ఎండ గోతికి ఆవల

మేస్టారు రెండు పూటలా గదికి రాలేదు. నేత గదికి వెళ్ళాడట, ఒక ముక్క బట్ట ఇమ్మని అడిగాడట. పుట్టిన బిడ్డకి తప్ప ఎవరికీ కొత్త బట్ట కొయ్యం అన్నారట వాళ్ళు. "అయితే నేను ఎచ్చట పుట్టవలెను?" అన్నాడని చెప్పి ఎర్రమ్మ ఒకటే నవ్వు.

మా ఊరి గుర్తుగా ఒక ముక్క పట్టుకెళ్ళాలని అడిగి ఉంటాడు. మా ఊరి గుర్తు ఆయన చేతిలోనే ఉండింది. ఉతికి మరీ ఇచ్చాడు.

"అప్పా, నువ్వు మల్లీ వేసీవే" అంది ఎర్రమ్మ.

"వద్దన్న గుడ్డ మల్లీ వెయ్యకూడదు. నీకు తెల్దా?"

"పద్దతి మనం పెట్టిందేనే!"

"నాను పెట్టలేదు. నాను మార్చను కూడా."

అనడం అయితే అన్నాను. కిందకి దిగాక కర్చీఫు తీసి చూసుకున్నాను. ఆయన పెట్టిన మడతలు ఇంకా అలాగే ఉన్నాయి, ఎంత దులిపినా పోలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చి, దాంతోనే కళ్ళు తుడుచుకున్నాను. మొదటి అర్థానికైనా పనికొచ్చింది.

ఎండ చీలికగుట్ట దాటాక

ఇది ఇవాళే రాసెయ్యాలి. రేపటికి నేను నమ్ముతానో లేదో.

పొద్దున్నే పెద్ద బండి కింద తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. దాని డ్రైవరు గవర్రాజు అందర్నీ తొందరపెడుతున్నాడని వినిపించింది. అవతలి గట్టు వాళ్ళు ఒక్కొక్కరే పైకి వచ్చి నాకు దండం పెట్టి వెళ్ళారు. మొదటి రోజు కర్చీఫు జరిపినాయన ఎర్రమ్మకి ఎదురుగా నిలబడి, తన చేతితొడుగు ఒకటి ఆమె సీటు మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, నవ్వి వెళ్ళాడు. ఎర్రమ్మకి కన్నీళ్ళాగలేదు.

మేస్టారు రాలేదు. రాకపోవడమే మంచిదనుకున్నాను. నేను వీడ్కోలుకి దిగనని చెప్పేసి, పొడుగు బ్రష్షు పట్టుకుని అద్దం చివరికంటా తుడిచాను. అక్కర్లేని చోట కూడా తుడిచాను. తుడిచి తుడిచి చేతులు నొప్పెట్టి, కాసేపు కూర్చుందామని నా స్టూలు దగ్గరికి వచ్చాను.

స్టూలు మీద ఏదో ఉంది.

మాలాంటి చోట్ల పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, రాస్తాను. బయటికి వెళ్ళే సూటు వేసుకున్నప్పుడు హెల్మెట్టు కింద తలకి ఒక మెత్తటి టోపీ పెట్టుకుంటాం. చెవుల దగ్గర వినే తీగలుంటాయి, గడ్డం కింద పట్టీ ఉంటుంది. ఎవరి తలకి కొలిచింది వాళ్ళదే, ఇంకొకరిది పట్టదు. అది లేకుండా తలుపు దగ్గరివాళ్ళు ఎవర్నీ బయటికి వదలరు. అలాంటి టోపీ ఒకటి, పట్టీలు చక్కగా పక్కకి సర్ది, నా స్టూలు మధ్యలో పరిచి ఉంది.

తలెత్తాను. ఒకెల్లో మేస్టారు స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. మెడ దాకా సూటు వేసుకున్నాడు. తల మాత్రం బోడిగా ఉంది, ఎడమ చెవి ఎండలో మెరుస్తోంది.

"మా ఊరిలో కర్చీఫులు లేవు" అన్నాడు. "ఇక్కడ నాకు బట్ట ఇవ్వలేదు. తల కప్పుకొను గుడ్డ అనినచో నా వద్ద ఉన్నది ఇదొక్కటే. మీ ఆచారము ప్రకారము నేను మీ గుడ్డను అడుగరాదని పిల్లలు చెప్పినారు. కాబట్టి నాది వేసితిని. సరిగా వేసితినా?"

బ్రష్షు గోడకి ఆనించాను.

"మీ బడి పిల్లలో?" అన్నాను. ఏం అడుగుతున్నానో నాకే తెలీదు.

"వారికి ఇచ్చటి నుంచే తీగ మీద పాఠము చెప్పెదను. వారిని అడిగి వచ్చితిని. వేయుము, వేయుము అని వారే నన్ను తోసినారు."

గదిలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. సన్యాసయ్య తాత ఈసారి గోడవైపు తిరగలేదు. నేను ఆ టోపీ తీసుకున్నాను. మడత పెట్టలేదు. అలాగే తీసుకుని నడుముకి దోపుకుని, పైన కొంగు చుట్టేశాను.

ఎర్రమ్మ అరిచిన అరుపుకి అద్దం పగలనందుకు దేవుడికి దండం పెట్టాలి.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. గవర్రాజు ఆయాసపడుతూ వచ్చాడు. "మేస్టారూ, ఇక్కడున్నారేటి మీరు! బండి బయల్దేరాల. మీ టోపీ ఏది?"

"కనబడుట లేదు" అన్నాడు మేస్టారు, ఎంతో బుద్ధిగా.

"కనబడకపోవడమేటి! ఎవులైనా సూసినారా?"

"టోపీయా?" అన్నాడు తాత. "ఎలాగుంటాది బావూ?"

"నాను సూళ్ళేదు" అంది ఎర్రమ్మ.

"మేమూ సూళ్ళేదు" అన్నారు మా ఊరి పిల్లలంతా ఒకే గొంతుతో.

గవర్రాజు చివరికి నా వైపు తిరిగాడు. "నూకాలప్పా, గది నీది. నువ్వైనా సూసినావా?"

"గదంతా తుడిచినాను. నాకేటీ కనబళ్ళేదు" అన్నాను.

వాడు నా కళ్ళలోకి చూశాడు. తర్వాత నా నడుము వైపు చూశాడు. కొంగు కింద నుంచి టోపీ పట్టీ ఒకటి జానెడు పొడుగు వేలాడుతోంది, నేను చూసుకోలేదు. వాడి మూతి వంకర తిరిగింది. నవ్వు ఆపుకుంటున్నాడని అర్థమైంది.

"టోపీ నేని మనిసిని ఎక్కించుకుంటే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు గవర్రాజు పెద్ద గొంతుతో, అందరూ వినేలా. "బండిలో ఒక సీటు కాళీగా ఎల్తాది. నానేటి సేత్తాను!" అని లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక లోపల వాడు పగలబడి నవ్వడం మాకందరికీ వినిపించింది.

బండి కదిలిన అదురు గది నేలకి తెలిసింది. మేస్టారు ఆ పొడుగాటి సూటులో అక్కడే నిలబడి ఉన్నాడు. సీట్లన్నిటి మీదా మనుషులో కర్చీఫులో ఉన్నాయి.

"నేను ఎచ్చట కూర్చుండవలెను?" అని అడిగాడు.

స్టూలు మీద కూర్చుని, కాస్త పక్కకి జరిగాను. అది ఒక మనిషి కోసం చేసిన స్టూలు, పైగా ఆయన వేసుకున్నది బయటికి వెళ్ళే సూటు. ఆయన కూర్చోగానే నేను సగం కిందకి జారిపోయాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను వదలలేదు. ఎండ ఇద్దరి మొహాల మీదా పడింది.